అరెస్టు వారెంటు: స్వరూపం, సూత్రం, వినియోగం

ఒక వ్యక్తిని నిర్బంధించి తన ఎదుట హాజరుపరచవలసిందిగా న్యాయస్థానం అధికారిని లిఖితపూర్వకంగా ఆదేశించే ఆజ్ఞాపత్రమే అరెస్టు వారెంటు. ఈ నిర్వచనంలో ఏ పదమూ అలంకారం కోసం చేరినది కాదు. లిఖితపూర్వకమన్నందువల్ల నోటిమాటగా చెప్పినది వారెంటు కాదని తేలుతుంది. న్యాయస్థానం ఆదేశించాలన్నందువల్ల పోలీసు అధికారి తనంతట తాను వారెంటును సృష్టించలేడని తేలుతుంది. హాజరుపరచడమే ప్రయోజనమని చెప్పినందువల్ల అది దోషనిర్ణయమూ కాదు, శిక్షా కాదని తేలుతుంది. ఈ మూడింటిలో చివరిది అతి ముఖ్యమైనది. లోకంలో అందరూ మరచిపోయేదీ అదే.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో 'వాడి మీద వారెంటు పడింది' అన్న మాట వినిపించగానే ఆ మనిషి తప్పు చేశాడని ఊరు తీర్మానించుకుంటుంది. వాస్తవానికి ఈ ప్రాంతంలో ఎన్నో వారెంట్లకు మూలం గైర్హాజరు. వానలు వెనుకబడిన ఏడాది భవన నిర్మాణ పనులకు హైదరాబాదుకో చెన్నైకో తరలిపోయే కూలీ, పూసపాటిరేగ తీరం నుంచి గుజరాత్‌లోని వీరావల్ రేవుకు వేటకు వెళ్లి నెలల తరబడి సముద్రంపై గడిపే మత్స్యకారుడు, ఏ పొలంగట్టు తగాదాలోనో ముద్దాయిగా ఉండి వాయిదా తేదీకి బొబ్బిలికో చీపురుపల్లికో చేరుకోలేకపోతాడు. వకీలుకు కబురు అందదు. గైర్హాజరు పిటిషను దాఖలు కాదు. పేరు పిలిచినప్పుడు పలికేవారుండరు. న్యాయాధికారి వారెంటుకు ఆదేశిస్తాడు. అటుపైన భయం మొదలవుతుంది. ఆ భయంతో అతడు ఇంటికే రాకుండా తిరిగితే, స్వల్పమైన తగాదా నిజంగానే పెద్ద నేరంగా పరిణమిస్తుంది. వారెంటు స్వరూపాన్ని సామాన్యుడు సైతం శ్రద్ధగా తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

ఈ విషయంలో ప్రస్తుతం అమలులో ఉన్న శాసనం భారతీయ నాగరిక సురక్షా సంహిత. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో ఇది 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. పాత స్మృతిలో 70వ సెక్షను నుంచి మొదలైన వారెంటు ప్రకరణం కొత్త సంహితలో 72వ సెక్షను నుంచి మొదలవుతుంది. అంకెలు మారినా ఆత్మ మారలేదు. 72వ సెక్షను ప్రకారం వారెంటు రాతలో ఉండాలి, న్యాయాధికారి సంతకం ఉండాలి, న్యాయస్థానపు ముద్ర ఉండాలి. ఎవరిని అరెస్టు చేయాలో, ఏ ఆరోపణపై చేయాలో, ఆ పని ఎవరికి అప్పగించారో అందులో స్పష్టంగా కనిపించాలి. సాధారణంగా వారెంటును పోలీసు అధికారి పేరిటే పంపుతారు. తక్షణం అమలు జరపవలసి ఉండి పోలీసు అందుబాటులో లేనప్పుడు మాత్రం మరొకరికి అప్పగించే అధికారాన్ని శాసనం న్యాయస్థానానికి ఇచ్చింది.

ఒకరి స్వేచ్ఛను హరించే ఆజ్ఞపై న్యాయాధికారి సంతకమే ఎందుకు ఉండాలన్నది మౌలికమైన ప్రశ్న. 1763లో ఇంగ్లండులో ప్రభుత్వ కార్యదర్శి ఒకడు, ఒక పత్రికా సంచికను రచించినవారిని, ముద్రించినవారిని, ప్రచురించినవారిని పట్టుకొమ్మని, పేర్లేవీ రాయకుండా సాధారణ వారెంటు జారీచేశాడు. దాని బలంతో నలభైమందికి పైగా అరెస్టయ్యారు. పార్లమెంటు సభ్యుడు జాన్ విల్క్స్ ఆ చర్యను న్యాయస్థానాల్లో సవాలు చేయగా, అటువంటి వారెంట్లు చట్టవిరుద్ధమని తీర్పులు వచ్చాయి. ఆ వివాదం రెండు సూత్రాలను లోకానికి మిగిల్చింది. వారెంటు ఎవరిపై జారీ అయిందో నిర్దిష్టంగా తెలియాలన్నది మొదటిది. అరెస్టు చేయదలచినవాడూ, అరెస్టు అవసరమా అని తూచి చూసేవాడూ ఒక్కరే కారాదన్నది రెండవది. శాసనం నిర్దేశించిన ప్రక్రియ ద్వారా తప్ప ఎవరి ప్రాణాన్ని గాని వ్యక్తిస్వేచ్ఛను గాని హరించరాదని మన రాజ్యాంగం 21వ అధికరణంలో ప్రకటించినప్పుడు, ఆ ప్రక్రియలో వారెంటు ఒక ప్రధానాంగమయింది. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల సందర్భాలు సంహిత 35వ సెక్షనులో ఉన్నాయి. వాటికి తగిన నియమాలూ ఉన్నాయి. అది వేరే అధ్యాయం.

న్యాయస్థానం ఒక వ్యక్తి హాజరును సాధించే మార్గాలు క్రమంగా తీవ్రమవుతాయి. మొదటిది సమను: ఫలానా తేదీన రావలసిందని చెప్పే పిలుపు. రెండవది బెయిలబుల్ వారెంటు: అరెస్టు చేయమంటూనే, ఇంత మొత్తానికి పూచీకత్తు, ఇందరు జామీనుదార్లు ఇస్తే విడిచిపెట్టవలసిందని దానిపైనే న్యాయస్థానం రాసే షరతు ఇందులో ఉంటుంది. 73వ సెక్షను దీనికి ఆధారం. మూడవది, కోర్టు ఆవరణల్లో ఎన్‌బీడబ్ల్యూ అని పిలుచుకొనే నాన్‌బెయిలబుల్ వారెంటు: ఇందులో ఆ షరతు ఉండదు కనుక అమలుజరిపే అధికారి విడిచిపెట్టలేడు, న్యాయస్థానం ముందుకు తీసుకురావలసిందే. 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో సుప్రీంకోర్టు ఈ క్రమాన్ని పాటించవలసిందని నిర్దేశించింది. సమను గాని బెయిలబుల్ వారెంటు గాని ఫలించవని సహేతుకంగా నమ్మినప్పుడే మూడవదానికి పోవాలని, వ్యక్తిస్వేచ్ఛను సమాజ ప్రయోజనంతో తూచి చూడాలని, యాంత్రికంగా సంతకం చేయరాదని ఆ తీర్పు సారాంశం. ఘోర నేరాల్లో, పారిపోయే అవకాశం ప్రస్ఫుటంగా ఉన్నచోట, మొదటి రెండు మెట్లు ఎక్కకుండానే మూడవదానికి చేరే అధికారం న్యాయస్థానానికి ఉంది.

ఇక్కడ పరిభాషను జాగ్రత్తగా విడదీయాలి. విద్యావంతులు సైతం పొరబడే చోటు ఇది. నాన్‌బెయిలబుల్ నేరం వేరు, నాన్‌బెయిలబుల్ వారెంటు వేరు. మొదటిది నేరపు స్వభావాన్ని బట్టి శాసనం చేసిన విభాగం. రెండవది హాజరును రాబట్టడానికి న్యాయస్థానం ఆ కేసులో ఎంచుకొన్న సాధనం. చెక్కు చెల్లని కేసు, అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద నడిచేది, బెయిలు హక్కుగా లభించే నేరమే. అయినా ముద్దాయి వాయిదాలకు రాకుండా ఉండిపోతే అతనిపై నాన్‌బెయిలబుల్ వారెంటు జారీ కావచ్చు. వారెంటు పేరులో ఆ విశేషణం ఉన్నంతమాత్రాన న్యాయస్థానం ఎదుట హాజరైన తరువాత బెయిలు రాదని అర్థం కాదు. అలాగే 'వారెంటు కేసు' అన్నది మరొక సంజ్ఞ: మరణశిక్ష, యావజ్జీవ శిక్ష, లేదా రెండేళ్లకు మించిన కారాగారవాసం విధించదగిన నేరానికి సంబంధించిన కేసు అని దాని భావం. తక్కినవన్నీ సమను కేసులు. వారెంటు కేసులో ముద్దాయికి సమను మాత్రమే రావచ్చు. సమను కేసులో వారెంటు రావచ్చు. ఈ సంజ్ఞలను కలిపి చూడడం వల్లనే, బెయిలు తేలికగా లభించే మనిషి కూడా ఇల్లు విడిచి పారిపోతున్నాడు.

గైర్హాజరుకు వారెంటు జారీ కావడమన్నది పేదలకే పరిమితమైన అనుభవం కాదు. 2010 జులైలో గోదావరిపై మహారాష్ట్ర నిర్మిస్తున్న బాబ్లీ ప్రాజెక్టుకు నిరసనగా అప్పటి ప్రతిపక్ష నాయకుడు నారా చంద్రబాబు నాయుడు తన పార్టీ ప్రజాప్రతినిధులతో సరిహద్దు దాటి వెళ్లి అరెస్టయ్యారు. ఆ కేసు ధర్మాబాదు న్యాయస్థానంలో నిలిచిపోయింది. విచారణకు హాజరు కాలేదన్న కారణంగా 2018 సెప్టెంబరులో ఆ న్యాయస్థానం ఆయనపైనా సహముద్దాయిలపైనా నాన్‌బెయిలబుల్ వారెంట్లు జారీచేసింది. అప్పటికి ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. మరో రాష్ట్రంలోని మెజిస్ట్రేటు సంతకం చేసిన కాగితం ముఖ్యమంత్రి పదవి వరకూ చేరగలదనడానికి ఇది ప్రత్యక్ష నిదర్శనం. ఆ కాగితం ఆయన దోషి అని చెప్పలేదు. రావలసిన చోటికి రాలేదని మాత్రమే చెప్పింది.

వారెంటుకు కాలపరిమితి దోషం లేదు. అమలు జరిగేవరకు, లేదా జారీచేసిన న్యాయస్థానమే రద్దు చేసేవరకు అది సజీవంగా ఉంటుందని 72వ సెక్షను చెబుతున్నది. అయిదేళ్లు ఊరికి దూరంగా గడిపితే పాతబడి పోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పండుగకు ఇంటికి వచ్చిన రోజునే అది అమలు కావచ్చు. ఈ లక్షణానికి మరో ముఖం కూడా ఉంది. రద్దయిన వారెంటు పోలీసు స్టేషనులో కాగితంగా మిగిలిపోయి, అమాయకుణ్ణి పట్టించవచ్చు. ముంబయిలో ఒక న్యాయవాది విషయంలో ఇదే జరిగింది: వారెంటు రద్దయిన తరువాత 2002 ఆగస్టు 15న, దేశం స్వాతంత్ర్య దినం జరుపుకొంటున్న నాడు, ఆయనను అరెస్టు చేశారు. రఘువంశ్ దేవాన్‌చంద్ భాసిన్ కేసుగా పేరొందిన ఆ వ్యవహారంలో 2011లో సుప్రీంకోర్టు వివరమైన మార్గదర్శకాలు ఇచ్చింది. వారెంటు ఫారాలపై వరుససంఖ్య ముద్రించి ఉండాలి. న్యాయాధికారి పేరు, సంతకం చదవగలిగేలా ఉండాలి. ఏ అధికారికి అప్పగించారో, ఏ తేదీలోగా అమలైనా కాకున్నా తిరిగి పంపాలో రాయాలి. జారీ అయినవాటికీ రద్దయినవాటికీ న్యాయస్థానంలోనూ పోలీసు స్టేషనులోనూ రిజిస్టర్లు నడపాలి. రాతకోతల వివరాలుగా కనిపించే ఈ నియమాల్లోనే పౌరుని రక్షణ ఉంది. వారెంటు రద్దు చేయించుకున్నవారు ఆ ఉత్తర్వు నకలు దగ్గర ఉంచుకోవలసిన అవసరం దీనివల్ల విశదమవుతుంది.

ఇక అమలు విధానం. అరెస్టు చేసే అధికారి వారెంటు సారాంశాన్ని ఆ వ్యక్తికి తెలియజేయాలి. చూపమని కోరితే చూపాలి. ఇది 77వ సెక్షను విధించిన బాధ్యత. కోరడం పౌరుని హక్కు, ధిక్కారం కాదు. అరెస్టన్నది దేహానికి సంబంధించిన చర్య: మాటతోనో చేష్టతోనో లొంగిపోతే తప్ప, అధికారి ఆ వ్యక్తిని తాకాలి లేదా కదలకుండా నిర్బంధించాలి. అసాధారణ పరిస్థితుల్లో, మెజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా పోలీసు అధికారి చేస్తే తప్ప, సూర్యాస్తమయం తరువాత సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. అరెస్టయిన సంగతిని బంధువుకో మిత్రునికో తెలపాలి. అనవసర జాప్యం లేకుండా న్యాయస్థానం ఎదుట నిలపాలి. ప్రయాణకాలం మినహాయించి ఆ జాప్యం 24 గంటలకు మించరాదని 78వ సెక్షను హద్దు గీసింది.

వారెంటు భారతదేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. సరిహద్దు జిల్లాలవారికి ఈ నియమం నిత్యజీవితంలో ఎదురయ్యేదే: ఇచ్ఛాపురంవారికి బరంపురం, పాతపట్నంవారికి పర్లాకిమిడి, సాలూరువారికి కొరాపుట్ పొరుగూళ్లే కాని, న్యాయపాలనలో మరొక రాష్ట్రం. జారీచేసిన జిల్లాకు వెలుపల అరెస్టు జరిగి, ఆ న్యాయస్థానం 30 కిలోమీటర్ల లోపల లేనప్పుడు, బెయిలబుల్ వారెంటు ప్రకారం అక్కడికక్కడే పూచీకత్తు పుచ్చుకొంటే తప్ప, ఆ వ్యక్తిని ముందుగా స్థానిక మెజిస్ట్రేటు ఎదుటనో, జిల్లా పోలీసు సూపరింటెండెంటు లేదా పోలీసు కమిషనరు ఎదుటనో నిలపాలి. వారెంటులో పేర్కొన్న వ్యక్తి అతడేనా అన్నది అక్కడే తేలాలి. నేరం బెయిలబుల్ అయితే అక్కడే బెయిలు తీసుకోవచ్చు. నాన్‌బెయిలబుల్ నేరమైనా, తగిన కారణముంటే, అరెస్టు జరిగిన జిల్లాలోని చీఫ్ జుడీషియల్ మెజిస్ట్రేటు గాని సెషన్స్ జడ్జి గాని బెయిలు ఇవ్వగలరు. విజయనగరం కోర్టు వారెంటుపై ఆరువందల కిలోమీటర్లకు పైగా దూరాన హైదరాబాదులో పట్టుబడిన కూలీకి ఈ నిబంధన ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. తెలియనివాడు అడగడు, అడగనివానికి అది పుస్తకంలోనే ఉండిపోతుంది.

జారీచేసే అధికారమూ అమలుజరిపే బలమూ వేర్వేరని అంతర్జాతీయ రంగం స్పష్టంగా చూపుతున్నది. హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి సొంత పోలీసు లేదు. 2023 మార్చి 17న రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై అది జారీచేసిన వారెంటు అమలు కాలేదు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు డ్యుటెర్టేపై జారీ అయినది 2025 మార్చి 11న మనీలాలో అమలయింది. ఆ న్యాయస్థానపు ఒడంబడికలో భారతదేశం భాగస్వామి కాదు. మన కోర్టుల ఆజ్ఞకు అటువంటి లోటు లేదు. దేశమంతటా ఉన్న పోలీసు యంత్రాంగం దాని వెనుక ఉంది.

వారెంటును తప్పించుకు తిరిగేవారిపై చర్యలు దశలవారీగా పెరుగుతాయి. వ్యక్తి పరారీలో ఉన్నాడని నమ్మితే, ప్రకటన వెలువడిన నాటి నుంచి 30 రోజులకు తక్కువ కాని గడువు ఇస్తూ, ఫలానా చోట హాజరు కావలసిందని 84వ సెక్షను కింద న్యాయస్థానం ఉద్ఘోషణ వెలువరిస్తుంది. ఊరిలో దాన్ని బహిరంగంగా చదువుతారు, ఇంటికి అంటిస్తారు. 85వ సెక్షను కింద ఆస్తి జప్తు కావచ్చు. ఉద్ఘోషణకు లోబడి హాజరు కాకపోవడం భారతీయ న్యాయ సంహిత 209వ సెక్షను ప్రకారం మూడేళ్ల వరకు శిక్షార్హమైన నేరం. గురుతర నేరాల్లో ఉద్ఘోషిత అపరాధిగా ప్రకటితుడైతే ఏడేళ్ల వరకు. బెయిలుపై విడుదలై రాకపోతే 269వ సెక్షను కింద ఏడాది వరకు శిక్ష వేరు. అంతేకాక, ఉద్ఘోషిత అపరాధి పరోక్షంలోనే విచారణ జరిపి తీర్పు చెప్పే అధికారాన్ని కొత్త సంహిత 356వ సెక్షను న్యాయస్థానాలకు ఇచ్చింది. అందుకు ముందు కనీసం 30 రోజుల వ్యవధితో వరుసగా రెండు వారెంట్లు జారీ కావాలి. మొదట్లో వెయ్యి రూపాయల జుల్మానాతో ముగిసిపోగలిగిన తగాదా, పరారీ వల్ల జైలు వరకు ఎలా పెరుగుతుందో ఈ వరుసను చూస్తే బోధపడుతుంది.

దీనికి విరుగుడు శాసనంలోనే ఉంది. వారెంటు జారీచేసిన న్యాయస్థానానికే దాన్ని రద్దు చేసే అధికారం ఉంది గనుక, ముద్దాయి తానుగా వకీలుతో వెళ్లి, గైర్హాజరుకు కారణం చూపుతూ రీకాల్ పిటిషను దాఖలు చేయాలి. ఆసుపత్రి కాగితం, ప్రయాణ టికెట్టు, పనిచేసే చోటి నుంచి తెచ్చిన లేఖ వంటి ఆధారాలు జతచేయాలి. తనంతట తాను వచ్చినవానినీ పట్టుకొచ్చినవానినీ న్యాయస్థానం ఒకే కంటితో చూడదు. రాలేనని ముందే తెలిసిన వాయిదాకు, వ్యక్తిగత హాజరు మినహాయించమని వకీలు ద్వారా కోరడానికి సైతం సంహిత అవకాశం ఇస్తున్నది. ఒక్క ఫోను చేసి వకీలుకు చెప్పి ఉంటే పుట్టకపోయే వారెంట్లు ఎన్నో.

సివిలు అప్పు విషయంలోనూ అరెస్టు వారెంటు ఉంది; అది వేరే జాతికి చెందినది. ప్రోనోటు బాకీపై డిక్రీ పొందినవాడు బాకీదారు అరెస్టు కోరుతూ డిక్రీ అమలు పిటిషను (ఇ.పి.) దాఖలు చేయవచ్చు. అయితే డబ్బు డిక్రీకి స్త్రీని అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షను నిషేధిస్తున్నది. చెల్లించవలసిన మొత్తాన్ని వారెంటు తెచ్చిన అధికారి చేతిలో పెడితే తక్షణం విడిచిపెట్టాలి. నిర్బంధం ఎంత పెద్ద బాకీకైనా మూడు నెలలు మించదు. నిజంగా చెల్లించలేని నిరుపేదను జైలుకు పంపరాదని, శక్తి ఉండీ దురుద్దేశంతో ఎగవేసినవానికే ఆ సాధనం వర్తిస్తుందని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ స్పష్టం చేశారు. అప్పులవాడు 'జైల్లో పెట్టిస్తా' అని బెదిరించినప్పుడు గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

భయం ఉన్నచోట దాన్ని సొమ్ము చేసుకొనేవాడూ ఉంటాడు. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడవారి కన్యాశుల్కంలో, వ్యాజ్యాల పేరు చెప్పి ఎదుటివారి అమాయకత్వంపై బ్రతికే రామప్పంతులును చూశాము. నేడు ఆ పాత్ర ఫోను తెరపైకి వచ్చింది. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనిపించి, న్యాయస్థానపు ముద్ర గల నకిలీ వారెంటు చూపి, 'డిజిటల్ అరెస్టు'లో ఉన్నారని, కెమెరా ముందు నుంచి కదలరాదని, ఫలానా ఖాతాకు డబ్బు పంపమని ఆజ్ఞాపిస్తున్నాడు. హర్యానాలోని అంబాలాలో ఒక వృద్ధ దంపతులు సుప్రీంకోర్టు పేరిట సృష్టించిన నకిలీ ఉత్తర్వులను నమ్మి కోటి రూపాయలకు పైగా కోల్పోవడంతో, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ మోసాన్ని తానుగా విచారణకు స్వీకరించింది. పై సూత్రాలు తెలిసినవాని ముందు ఈ మోసం నిలవదు. తెర మీద అరెస్టు అన్నది మన శాసనంలో లేదు. వారెంటు ప్రయోజనం న్యాయస్థానంలో హాజరు. ఖాతాకు సొమ్ము పంపించడం దాని లక్ష్యం కానేకాదు. కేసు ఉన్నదీ లేనిదీ ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

వారెంటు సంగతి తెలిసినవారు మొదట దాని నకలు సంపాదించి, కేసు నంబరు, న్యాయస్థానం పేరు, జారీ తేదీ చూసుకోవాలి. ఆ న్యాయస్థానానికే వెళ్లాలి. వకీలును పెట్టుకొనే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, కారాగారంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు.